గేమ్ కథ మారిస్తే అభిమానులకు అంత కోపం ఎందుకు వస్తుంది? వాళ్ళ మాట ఎంతవరకు వినాలి?

ప్రశ్న సారాంశం ఇదీ. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియో ఫాంటసీ గేమ్ చేసింది. మొదటి భాగంలో ఆటగాడికి కత్తి పట్టడం నేర్పి, చివరిదాకా వెన్నంటి ఉన్న సేనానిని రెండో భాగం డెమోలో ద్రోహిగా చూపించారు. "మొదటినుంచీ ఆమె శత్రువుల మనిషే" అని తేల్చేశారు. గేమ్ అభిమానుల చాట్ వేదిక డిస్కార్డ్‌లో ప్లేయర్లు మండిపడుతున్నారు. కల్పిత కథకు ఇంత గొడవ దేనికి, వీళ్ళ మాట విని కథ మార్చాలా వద్దా అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా గేమ్ స్టూడియోల్లో కథా విభాగంలోనే ఉన్నాను. ఒక కల్పిత ప్రపంచానికి సంబంధించిన లోర్, అంటే దాని చరిత్ర, పాత్రల పూర్వకథలు అంతా ఒకచోట రాసిపెట్టడం, కొత్తగా వచ్చిన రచయిత పాతదానికి అడ్డంగా రాయకుండా చూడడం, విడుదలయ్యాక అభిమానులు ఏమంటున్నారో చదివి టీమ్‌కు చెప్పడం నా పని. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీ ప్లేయర్లకు ఆమె విలన్ అయిందని కోపమని మీరు అనుకుంటున్నారు. ప్రశ్నతో పాటు మీరు పెట్టిన కామెంట్లు చదివితే నాకలా అనిపించలేదు. అందులో ఒకరు, "మరి ఆ రోజు వంతెన దగ్గర ఆమె కోసం నిధి వదులుకుని ఎందుకు ఆగాను?" అని రాశారు. నా దృష్టిలో ఈ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ ప్లేయర్ మీ కథలో తనది ఒకటి పెట్టాడు. నిధి పోయినా పర్వాలేదనుకున్నాడు, ఆమెను నమ్మాడు. మీ రెండో భాగం వచ్చి, ఆ నమ్మడానికి విలువే లేదని చెప్పింది. కథ మారినందుకు అభిమానులు కోప్పడరు, మార్పును చాలాసార్లు ఇష్టంగానే తీసుకుంటారు. తాము పెట్టినదంతా వృథా అని రచయితే చెబితే మాత్రం ఊరుకోరు.

కథలో మనిషి ఏం పెడతాడో ఒక చిన్న వస్తువుతో చూపిస్తాను. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కత్తుల మీద, ఉంగరాల మీద రాసిన రెండు మూడు వాక్యాల్లోనే కథంతా ఉంటుంది. అందులో సూర్యుడి పెద్దకొడుకు పేరిట ఒక ఉంగరం దొరుకుతుంది. ఆ లోకంలో సూర్యప్రభువైన గ్విన్ పెద్దకొడుకు ఒకప్పుడు యుద్ధదేవుడని, తన తెలివితక్కువతనం వల్ల దైవత్వం పోగొట్టుకున్నాడని, అతని పేరు కూడా ఇప్పుడు ఎవరికీ తెలియదని దాని మీద ఉంటుంది. అంతే. ఆట ఆడి వదిలేసేవాడికి అది మంత్రశక్తి పెంచే ఉంగరం మాత్రమే. కానీ కొందరు అక్కడ ఆగారు. గ్విన్ నగరంలో విగ్రహాల మధ్య ఒక విగ్రహం లేకపోవడం గమనించారు. సూర్యుణ్ణి కొలిచే సొలేర్ అనే యోధుడే ఆ కొడుకేమోనని వాదించుకున్నారు. కాదన్నవాళ్ళు వేరే ఆధారాలు తీశారు. ఇలా అయిదేళ్ళు గడిచాయి. 2016లో మూడో భాగం వచ్చింది. అందులో చాలామంది చేరుకోని ఒక కొండశిఖరం మీద, డ్రాగన్ ఎక్కి పిడుగులు విసిరే రాజు ఒకడు ఎదురవుతాడు. ఆట అతన్ని పిలిచే పేరు పేరులేని రాజు. అతను ఒకప్పుడు డ్రాగన్లను వేటాడిన యుద్ధదేవుడని, తర్వాత సర్వం వదులుకుని వాటి పక్షానే చేరాడని అతని ఆత్మ మీద రాసి ఉంటుంది.

చూడండి, అక్కడ కూడా పేరు చెప్పలేదు. "ఇతనే గ్విన్ కొడుకు" అని ఎవరూ ప్రకటించలేదు. అయినా ఉంగరం గుర్తున్నవాడికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సొలేరే ఆ కొడుకని వాదించి ఓడినవాళ్ళు కూడా సంతోషించారు. ఎందుకంటే వాళ్ళ లెక్క తప్పినా, వాళ్ళు చదివిన ఆ రెండు వాక్యాలు నిజంగా పనికొచ్చేవేనని తేలింది. ఈ ఆటల దర్శకుడు హిదెటాకా మియాజాకి చిన్నప్పుడు ఇంగ్లిష్ ఫాంటసీ పుస్తకాలు పూర్తిగా అర్థంకాక, అర్థంకాని చోట తన ఊహతో పూరించుకుంటూ చదివేవాడట. ఆ అనుభవాన్నే ఆటలో పెట్టాడు. ఖాళీ వదిలితే ప్లేయర్ పూరిస్తాడు, పూరించినది ఇక అతనిదే అవుతుంది. లోర్ బలం ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది.

ఆ ప్రమాదం ఇదే స్టూడియోకు 2024లో ఎదురైంది. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో గాడ్విన్ అనే రాజకుమారుడు ఉంటాడు. హంతకులు అతని ఆత్మను చంపేస్తారు, శరీరం మాత్రం చావకుండా నేల అడుగున పెరుగుతూ ఉంటుంది. అతని తమ్ముడు మికెల్లా అన్న కోసం ఏదో చేయబోయాడన్న సూచనలు ఆటలో ఉన్నాయి. ఒక కోటలో దెయ్యం ఒకటి, సూర్యుడు మింగబడలేదని, తమ ప్రార్థనలు చాల్లేదని మికెల్లాకు క్షమాపణ చెప్పుకుంటుంది. రెండేళ్ళకు పైగా అభిమానులు దీని చుట్టూ ఎంత రాశారో లెక్కలేదు. మికెల్లా కథే అదనపు భాగంగా వస్తుందని తెలిశాక అందరూ గాడ్విన్ కోసం ఎదురుచూశారు. 2024 జూన్‌లో అది వచ్చింది. చివరి పోరాటంలో మికెల్లా పక్కన నిలబడినవాడు రాడాన్. అసలు ఆటలో ఎప్పుడో పండగలాంటి పెద్ద యుద్ధం చేసి, ప్లేయర్లు గౌరవంగా సాగనంపిన అదే రాడాన్.

నిజం చెప్పాలంటే ఇందులో తప్పేమీ లేదు. మికెల్లాకు, రాడాన్‌కు మధ్య ముందే మాట ఉందని చెప్పడానికి ఆధారాలున్నాయి, ఆ కోణంలో చూస్తే పాత యుద్ధానికి కొత్త అర్థం కూడా వస్తుంది. ఆ ఆలోచన నాకు నచ్చింది. కానీ ఆ ఆధారాల్లో ముఖ్యమైనవన్నీ అదనపు భాగంతోనే వచ్చాయి. పాత ఆటలో అభిమానులు పోగుచేసుకున్న ఆధారాలన్నీ గాడ్విన్ వైపు చూపించాయి. వాటిని కాదని కూడా అనలేదు, పట్టించుకోనే లేదు. పేరులేని రాజు విషయంలో ఊహ తప్పినవాడికి కూడా ఏదో ఒకటి దక్కింది. ఇక్కడ గాడ్విన్ కోసం రెండేళ్ళు ఆగినవాడికి ఏమీ దక్కలేదు.

మన దగ్గర దీనికి సరైన ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న టీ కొట్టు దగ్గర కూడా నలిగింది. ఎన్ని ఊహాగానాలు వచ్చాయో మీకూ గుర్తుండే ఉంటుంది. జవాబు వచ్చాక ఎవరూ మోసపోయామనుకోలేదు. కట్టప్ప తన పూర్వీకులు ఇచ్చిన మాటకు కట్టుబడి సింహాసనానికి బానిసగా ఉన్నాడని మొదటి భాగంలోనే చెప్పేశారు. రెండో భాగంలో రాజమాత ఆజ్ఞ రాగానే ఆ మాటే కత్తి అయింది. ప్రేమించిన మనిషిని చంపినవాడిని కూడా ప్రేక్షకుడు వదులుకోలేదు, ఎందుకంటే కట్టప్ప మీద అంతకుముందు పెంచుకున్న అభిమానం అబద్ధం కాలేదు. మీ సేనాని విషయంలో ముందుగా చూసుకోవాల్సింది ఇదే.

ఇప్పుడు వార్‌క్రాఫ్ట్ అనే ఫాంటసీ గేముల సిరీస్ సంగతికి వస్తాను. అభిమానుల స్పందన గురించి నేర్చుకోవడానికి ఇంతకంటే పెద్ద పాఠశాల నాకు తెలియదు. తప్పులు చిన్నవి, పెద్దవి, అన్నీ అక్కడ జరిగాయి, దేనికి జనం ఎలా స్పందించారో కూడా అంతా బహిరంగంగానే ఉంది.

2002లో మూడో వార్‌క్రాఫ్ట్‌తో వచ్చిన పుస్తకంలో ఎరెడార్ అనే మాయావులు సార్గెరాస్ అనే మహాశక్తిని చెడగొట్టారని ఉంది. 2006లో ఎరెడార్లలోంచే వచ్చిన ఒక కొత్త జాతిని ప్రకటించినప్పుడు కథ తలకిందులైంది. సార్గెరాసే ఎరెడార్లను చెడగొట్టాడన్నారు. జనం వెంటనే పాత పుస్తకం తీసి చూపించారు. అప్పుడు కథకు పెద్దదిక్కయిన క్రిస్ మెట్జెన్ దాటవేయలేదు. ఆ ముక్క రాసింది తానేనని, రాసిన సంగతి మరచిపోయానని ఒప్పుకున్నాడు. విమర్శ ఆగలేదు కానీ దాని వేడి తగ్గింది. ఆ జాతి ఇప్పటికీ చాలామందికి ఇష్టమైనదే.

2010 అక్టోబర్‌లో, వార్‌క్రాఫ్ట్ తీసే సంస్థ అభిమానుల కోసం జరిపే బ్లిజ్‌కాన్ సభలో ఇంకో సంఘటన జరిగింది. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక యువకుడు మైకు ముందుకొచ్చి, మరుగుజ్జు జాతుల మండలిలో వైల్డ్‌హామర్ తెగ తరఫున ఫాల్‌స్టాడ్ ఉండాలి కదా, అతనేమయ్యాడని అడిగాడు. వేదిక మీదున్నవాళ్ళలో ఒకరు అతను ఒక నవలలో చనిపోలేదా అన్నారు. లేదు, బతికే ఉన్నాడు, ఆట మొదటినుంచీ ఫలానా చోటే నిలబడి ఉన్నాడని ఆ కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు. వీడియో ఇంటర్నెట్‌లో పాకింది. కొందరు వెక్కిరించారు. సంస్థ మాత్రం ఫాల్‌స్టాడ్‌ను మండలిలో చేర్చి, అతని పక్కన ఎర్ర చొక్కాతో ఒక మరుగుజ్జును నిలబెట్టింది. ఆ పాత్ర పేరు వైల్డ్‌హామర్ ఫ్యాక్ట్ చెకర్. ఆ కుర్రాడు ఆటలో పెట్టిన శ్రద్ధకు ఆటలోనే చోటు దొరికింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా కొత్తగా చేరిన రచయితలకు నేను ముందు చెప్పేది ఈ సంగతే. తేదీ తప్పు, పేరు తప్పు, వంశవృక్షంలో తప్పు, ఇవన్నీ దిద్దుకోవచ్చు. మర్యాదగా ఒప్పుకుంటే అభిమానులు మీకంటే ముందే క్షమిస్తారు.

సిల్వానాస్ విషయం అలాంటిది కాదు. 2002 ఆటలో ఆమె తన జాతిని కాపాడుతూ చనిపోతుంది. ఆర్థాస్ అనే శత్రు రాకుమారుడు ఆమెను చావనివ్వకుండా ఆత్మను పట్టి బానిస చేస్తాడు. తర్వాత ఆమె ఆ పట్టు తెంచుకుని, తనలాగే చచ్చి లేచినవాళ్ళకు రాణి అవుతుంది. తన ఇష్టాన్ని ఎవరో లాక్కున్నందుకు రగిలిపోయే మనిషి. లక్షలమంది ప్లేయర్లు ఏళ్ళ తరబడి ఆమె జెండా కింద ఆడారు. ఆమె మంచిదని వాళ్ళెవరూ అనుకోలేదు. కానీ ఆమె ఎందుకలా అయిందో వాళ్ళకు తెలుసు.

2018 జులై 31న ఒక చిన్న యానిమేషన్ వీడియో వచ్చింది. యుద్ధం గెలిచిన సిల్వానాస్ ముందు చావుబతుకుల్లో ఉన్న శత్రుపక్షపు సైనికురాలు నేలమీద పడి ఉంటుంది. ఆశను చంపలేవని ఆమె అంటుంది. సిల్వానాస్ ఆమె మొహాన్ని టెల్‌డ్రాసిల్ మహావృక్షం వైపు తిప్పి, దాన్ని తగలబెట్టమని ఆజ్ఞాపిస్తుంది. ఆ చెట్టు కొమ్మల మీద ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి, ఇంకా జనం ఉన్నారు. 2004లో వార్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ ఆట మొదలైనప్పటినుంచి నైట్ ఎల్ఫ్ అనే జాతి పాత్రతో ఆడేవాళ్ళలో దాదాపు అందరి మొదటి అడుగు పడింది ఆ చెట్టు మీదే. తర్వాత ఆటలో ఒక పని ఇచ్చారు. కాలిపోతున్న నగరంలోకి వెళ్ళి, కొద్ది నిమిషాల్లో ఎంతమందిని బయటికి తీసుకురాగలిగితే అంతమందిని తీసుకురావాలి. అందరినీ కాపాడడం ఎవరివల్లా కాదు. ఏళ్ళకేళ్ళు ఆడినవాళ్ళు అది చేస్తూ ఏడ్చామని రాశారు.

కానీ గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఎక్కువ కోపం వచ్చింది చెట్టు కాలినవాళ్ళకు మాత్రమే కాదు, సిల్వానాస్ పక్షాన ఆడేవాళ్ళకు కూడా. అంతకుముందు వారం ఆ యుద్ధంలో వాళ్ళ చేత పనులు చేయించారు. కాదనే వీలు ఇవ్వలేదు. మేం నిలబడిన పక్షం గౌరవం కోసం పోరాడే పక్షమని పదేళ్ళకు పైగా మీరే చెప్పారు, ఇప్పుడు మా చేతులతో ఇది చేయించారని వాళ్ళ బాధ. బాధితుడి కోపం కంటే, ఇష్టం లేకుండా నేరంలో భాగమైనవాడి కోపం ఎక్కువ కాలం నిలుస్తుంది.

అప్పటికీ ఓపిక పట్టినవాళ్ళు ఉన్నారు. దీని వెనక ఏదో ఉంటుంది, చెబుతారు అనుకున్నారు. 2020 నవంబర్‌లో వచ్చిన షాడోలాండ్స్‌లో చెప్పారు. మరణలోకంలో జైలర్ అనే ఒకడున్నాడు, ఆమె అతనితో ఒప్పందం చేసుకుంది, ఆర్థాస్ కిరీటం, కత్తి దగ్గరినుంచి అన్నిటి వెనక అతనే ఉన్నాడు. షాడోలాండ్స్ ప్రకటించేవరకూ ఆ పేరే ఎవరూ వినలేదు. ఆ తర్వాత ఇంకో మెలిక పెట్టారు. ఆర్థాస్ కత్తి తగిలినప్పుడు ఆమె ఆత్మ రెండు ముక్కలైంది, మంచి ముక్క ఇన్నాళ్ళూ ఆమె దగ్గర లేదు అన్నారు. ఇక్కడ అభిమానులు నిజంగా విరిగిపోయారు. ఆమెను ద్వేషించినవాళ్ళకు ఆమె శిక్ష తగ్గించినట్టయింది. ఆమెను ప్రేమించినవాళ్ళకు, మీరు ఇన్నేళ్ళు ప్రేమించింది సగం ఆత్మనే అని చెప్పినట్టయింది. ఒక్క వివరణ రెండు పక్షాల నమ్మకాన్నీ తీసిపారేయడం నేను మరెక్కడా చూడలేదు.

"మొదటినుంచీ ఆమె శత్రువుల మనిషే" అన్న మీ డెమో వాక్యం చదవగానే నాకు గుర్తొచ్చింది ఈ జైలరే. "మొదటినుంచీ" అన్న మాట చాలా ఖరీదైనది. అది ముందు జరగబోయే కథను మార్చదు, ప్లేయర్ ఎప్పుడో ఆడేసి తన జ్ఞాపకాల్లో దాచుకున్న కథను మారుస్తుంది. వాడి అనుమతి లేకుండా వాడి ఇంట్లోకి వెళ్ళి ఫొటోలు మార్చినట్టు ఉంటుంది.

ద్రోహం రాయొద్దని కాదు నా ఉద్దేశం. అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ కార్టూన్‌లో శత్రురాజు కొడుకు జూకోను చూడండి. రెండో సీజన్ అంతా అతను మారుతున్నట్టే కనిపిస్తాడు. జుట్టు కోసేసుకుంటాడు, పరాయి నగరంలో పెదనాన్న అయిరోతో కలిసి టీ దుకాణంలో పనిచేస్తాడు, బందీగా ఉన్న ఎగిరే బైసన్‌ను వదిలిపెడతాడు, ఆ మంచి పని చేసినందుకే ఒంట్లో పోరాటం మొదలైనట్టు జ్వరంతో పడిపోతాడు. 2006 డిసెంబర్‌లో వచ్చిన సీజన్ చివరి ఎపిసోడ్‌లో, కథానాయకుడి పక్షాన ఉన్న కటారా అతని మొహం మీది మచ్చను నయం చేయబోయిన కాసేపటికే, అతను చెల్లెలు అజూలా వైపు నిలబడతాడు. చూసినవాళ్ళు నిర్ఘాంతపోయారు, తిట్టుకున్నారు. కానీ రచయితలు మోసం చేశారని ఎవరూ అనలేదు. తండ్రి మెప్పు కోసం ఈ కుర్రాడు ఏమైనా చేస్తాడని మొదటి ఎపిసోడ్ల నుంచే మనకు తెలుసు. అతని మారడం నిజం, ఆ క్షణంలో జారిపోవడమూ నిజం. మూడో సీజన్‌లో ఇంటికి చేరి కోరుకున్నవన్నీ దొరికాక కూడా అతనికి నిద్రపట్టదు. చివరికి పెదనాన్న గుడారంలోకి వెళ్ళి క్షమాపణ చెప్పబోతే, అయిరో మాట పూర్తికానివ్వకుండా దగ్గరికి లాక్కుని హత్తుకుంటాడు. ఆ ద్రోహం లేకపోతే ఈ కౌగిలికి అంత బరువు ఉండేది కాదు. రెండో సీజన్‌లో జూకోను నమ్మినవాళ్ళ నమ్మకం వడ్డీతో సహా తిరిగొచ్చింది.

అదే కార్టూన్‌లో పనిచేయని చోటు కూడా ఉంది. 2008 జులైలో వచ్చిన ముగింపులో కథానాయకుడు ఆంగ్ శత్రువును చంపకుండా గెలవడానికి సింహం-తాబేలు వచ్చి ఒక కొత్త విద్య ఇస్తుంది. ఇదెక్కడినుంచి ఊడిపడిందని ఇప్పటికీ వాదన నడుస్తోంది. సమర్థించేవాళ్ళు, 2006లో గ్రంథాలయం ఎపిసోడ్‌లో ఆంగ్ ఒక పత్రంలో ఆ జంతువు బొమ్మ చూస్తాడు కదా అంటారు. నిజమే, చూస్తాడు. కానీ బొమ్మ ఒకసారి చూపించడం ఆధారం మాత్రమే అవుతుంది, సిద్ధం చేయడం అవ్వదు. మీ రచయితలు "మొదటి గేమ్ నాలుగో స్థాయిలో గోడమీద గుర్తు పెట్టాం కదా" అని అంటే ఇదే చెప్పండి. ప్లేయర్‌కు గుర్తు కనిపిస్తే చాలదు, ఆమె మీద వాడికి ఒక్కసారైనా అనుమానం కలిగి ఉండాలి, ఆ అనుమానాన్ని వాడే పక్కకు నెట్టి ఉండాలి.

అన్నట్టు, అభిమానుల మాటకు స్పందించడంలో ఆ కార్టూన్ రచయితలు చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. ముగింపుకు ముందు ఎపిసోడ్‌లో మన పాత్రలన్నీ తమ కథనే నాటకంగా చూస్తాయి. జెట్ అనే పాత్ర చనిపోయాడా లేదా అని అభిమానులు అప్పటికే చాలాకాలంగా కొట్టుకుంటున్నారు. నాటకంలో ఆ సన్నివేశం వచ్చినప్పుడు జూకో, జెట్ ఇప్పుడు చనిపోయాడా అని అడుగుతాడు. సోకా ఆలోచించి, నిజానికి అది ఏమీ స్పష్టంగా తెలియలేదు అంటాడు. కటారా-జూకో జంట కావాలని కోరినవాళ్ళ కోరికనూ నాటకంలోనే చూపించారు, అది చూసి ఆ ఇద్దరూ ఇబ్బందిపడతారు. అసలు కథను ఒక్క అంగుళం కదల్చలేదు. మీ మాటలు మాకు వినబడుతున్నాయని మాత్రం చెప్పారు.

లోర్‌లో వైరుధ్యం వస్తే ఏం చేయాలన్నదానికి ఎల్డర్ స్క్రోల్స్ అనే గేముల సిరీస్ మంచి దారి చూపింది. ఆ సిరీస్‌లో 1996 నాటి డాగర్‌ఫాల్ ఆటకు ఒకదానితో ఒకటి పొసగని ముగింపులు చాలా ఉన్నాయి. ప్లేయర్ ఏది ఎంచుకుంటే అది. తర్వాతి ఆట ఏ ముగింపును నిజమనాలి? ఒకటి ఎంచుకుంటే మిగిలినవి ఎంచుకున్న ప్లేయర్లందరూ తప్పయిపోతారు. తర్వాతి ఆటల రచయితలు, కాలం ముక్కలై అన్నీ ఒకేసారి జరిగాయని ఆటలోని పుస్తకాల్లో రాశారు. ఎవరి ఆటా అబద్ధం కాలేదు. 2002లో వచ్చిన మారోవిండ్ ఆటలో నెరెవార్ అనే పూర్వవీరుడు ఎలా చనిపోయాడన్నదానికి గుడివాళ్ళు ఒక కథ చెబుతారు, సంచార తెగలు ఇంకో కథ చెబుతాయి. ఏది నిజమో ఆట తేల్చదు. వ్యాసభారతంలో లేని శశిరేఖ పెళ్ళిని తరాలుగా సొంతం చేసుకున్న మనకు ఇది వింతగా అనిపించదు. అయితే ప్రతి తప్పునూ "అన్నీ నిజమే" అని కప్పేస్తే ప్లేయర్ దేన్నీ పట్టించుకోవడం మానేస్తాడు. అప్పుడు కోపం కూడా రాదు, అది ఇంకా ప్రమాదం.

మాస్ ఎఫెక్ట్ సైన్స్ ఫిక్షన్ కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2012 మార్చిలో మూడో భాగం వచ్చే ముందు, ఏ, బి, సి అంటూ ఎంచుకునే ముగింపు ఇందులో ఉండదని దాన్ని తీసినవాళ్ళే చెప్పారు. చివరికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగులతో దాదాపు ఒకేలాంటి మూడు ముగింపులు వచ్చాయి. అభిమానులు చందాలు వేసుకుని స్టూడియోకు దాదాపు 400 కప్‌కేకులు పంపారు. మూడు రంగులు, మీద ఏ, బి, సి అక్షరాలు, లోపల అన్నిటికీ ఒకటే రుచి. ఇంతకంటే స్పష్టమైన విమర్శ నేను చదవలేదు. మూడు ఆటల్లో మేం తీసుకున్న నిర్ణయాలు ఎక్కడికి పోయాయని వాళ్ళ ప్రశ్న. జూన్‌లో సంస్థ ఉచితంగా విస్తరించిన ముగింపు ఇచ్చింది. ముగింపు మారలేదు, కానీ తోటి పాత్రలు ఏమయ్యారో చూపించారు. చాలామందికి అది చాలింది.

కప్‌కేకులు పంపినవాళ్ళూ ఉంటారు, రచయితల ఇంటి అడ్రసులు వెతికి బెదిరించేవాళ్ళూ ఉంటారు. ఈ రెండో రకాన్ని విమర్శ కింద లెక్కపెట్టొద్దు. మీ టీమ్‌లో ఎవరికైనా అలాంటి మెసేజ్‌లు వస్తుంటే వెంటనే బ్లాక్ చేసి, స్క్రీన్‌షాట్లు దాచి, పోలీసులకు చెప్పండి. కథ చర్చలోకి వాళ్ళను రానివ్వొద్దు. డిస్కార్డ్ చదివే పని కూడా ఆ సన్నివేశం రాసిన మనిషికి ఇవ్వకండి. వేరే ఒకరు చదివి, సారం తీసి చెప్పాలి. ఒకే రచయిత రాత్రంతా కూర్చుని ఆ తిట్లన్నీ చదివితే, మర్నాడు రాసే సీన్ ప్లేయర్ కోసం ఉండదు, ఆ తిట్లకు జవాబుగా ఉంటుంది. షాడోలాండ్స్ తరహా అతి వివరణలు చాలావరకు ఇలాగే పుడతాయని నా అభిప్రాయం.

ఇక మీ గేమ్ సంగతి. ప్లేయర్లు "ఆమెను మళ్ళీ మంచిదాన్ని చేయండి" అంటున్నారు. అది చేయకండి. వాళ్ళకు నొప్పి ఎక్కడో కచ్చితంగా తెలుసు, మందు మాత్రం వాళ్ళు చెప్పేది కానక్కర్లేదు. నేనైతే "మొదటినుంచీ" అన్న ఒక్క మాట తీసేసి చూస్తాను. ఆమె మొదటి భాగంలో నిజంగానే మీ ప్లేయర్‌ను కాపాడింది, వంతెన దగ్గర నిజంగానే కృతజ్ఞత చూపించింది, ఆ తర్వాత ఏదో జరిగింది అన్నారనుకోండి. అప్పుడు ద్రోహం బరువు పెరుగుతుంది కానీ తగ్గదు. ఆ "ఏదో" మొదటి భాగంలో ఉన్నదానిలోంచే రావాలి, కొత్త రాక్షసుణ్ణి తేవద్దు. వంతెన దగ్గర ఆగిన ప్లేయర్‌కు, నిధి తీసుకుని వెళ్ళిపోయిన ప్లేయర్‌కు ఆమె మాట్లాడే తీరు వేరుగా ఉండాలి. రెండు మూడు డైలాగుల తేడా అయినా సరే, డబ్బింగ్ ఖర్చు భరించి పెట్టండి. ఆమెతో యుద్ధం చేయించేటప్పుడు, చేయను అనడానికి ప్లేయర్‌కు ఒక దారి ఇవ్వండి. దానికి మూల్యం ఎక్కువ పెట్టినా పర్వాలేదు.

డిస్కార్డ్‌లో ఇప్పుడే పెద్ద వివరణ రాయకండి. డెమో స్పందన చదువుతున్నామని, ఆ సన్నివేశం ఇంకా పనిలో ఉందని రెండు వాక్యాలు చాలు. ట్విస్ట్ ఎందుకు పెట్టారో సమర్థించుకుంటూ రాసిన ప్రతి వాక్యాన్ని రేపు కొత్త లోర్‌గా పట్టుకుంటారు, దానికి మీరు కట్టుబడాల్సి వస్తుంది.

మొదటి భాగంలో ఆమె మాట్లాడిన డైలాగులన్నీ, ప్లేయర్ ఎంపికను బట్టి మారేవి కూడా కలిపి, ఒక షీట్‌లో పెట్టి పంపగలరా? బయటపెట్టడానికి వీల్లేని ఒప్పందం ఉంటే కనీసం వంతెన ఘట్టానికి ముందువి చాలు. ఆమె ఎక్కడ అబద్ధం చెబుతున్నట్టు చదవొచ్చో, ఎక్కడ అలా చదవడం అసలు కుదరదో గుర్తుపెట్టి తిరిగి పంపిస్తాను.